ఏడుపుకీ ఒక వరస ఉంది

మనిషి కష్టంలో ఉన్నాడని తెలిస్తే చాలు, మన సాహిత్య మిత్రులకి ఒక మాట నోటికొచ్చేస్తుంది. "రాసెయ్యండి, మంచి కథ అవుతుంది." ఇంట్లో చావు జరిగి పెద్దకర్మ కూడా కాకముందే ఈ మాట అన్నవాళ్లని నేనెరుగుదును. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంటారు. కానీ ఆ మాట వెనక రెండు నమ్మకాలున్నాయి. బాధ ఎంత పెద్దదైతే రాత అంత గొప్పగా వస్తుందన్నది ఒకటి. రాసేస్తే బాధ దిగిపోతుందన్నది రెండోది. రెండూ సగం నిజాలే. నేను విజయనగరంలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. ఈ సగం నిజాలు పట్టుకుని మా పిల్లలు రాసి తెచ్చే కవితలు చదివీ చదివీ, ఇక ఉండబట్టలేక ఇది రాస్తున్నాను.

ఆ కవితల్లో గుండె బరువెక్కుతుంది. కన్నీరు సముద్రమవుతుంది. మౌనం మాట్లాడుతుంది. రాసిన పిల్ల నిజంగా ఏడుస్తూనే రాసింది, అక్షరాలు అక్కడక్కడ అలుక్కుపోయి కూడా ఉంటాయి. అయినా చదివిన నాకు ఏమీ అనిపించదు. బాధ ఆ పిల్లదే, కవిత మాత్రం ఎవరిదో అన్నట్టు ఉంటుంది.

నాకు తెలిసినంతలో బాధని మాటల్లో పెట్టే పని అందరికంటే బాగా చేతనైనవాళ్లు మా ఉద్దానం (శ్రీకాకుళం జిల్లా తీరాన కొబ్బరి, జీడి తోటల ప్రాంతం) ఆడవాళ్లు. మా మేనమామ పోయిన రోజు చెబుతాను. శవం వాకిట్లో ఉంది. మా అత్త తల దగ్గర కూర్చుంది. మొదట కాసేపు ఒట్టి అరుపులు, గుండెలు బాదుకోవడం. అందులో మాటలు లేవు. తర్వాత ఎక్కడో ఊపిరి కుదిరింది, రాగం మొదలైంది.

"సోంపేట సంతకెల్తే సీకటి పడకముందే వచ్చేవోడివి బావో...
ఈయేల ఇంత పొద్దెక్కినా లెగవవేటి బావో...
కాయల లెక్క ఎవుల సేతిలో ఎట్టెల్లినావు బావో..."

'బావో' దగ్గర గొంతు సాగుతుంది. ఆ సాగే కాసేపట్లోనే తర్వాతి మాట వెతుక్కుంటుంది. అది దొరికేదాకా పక్కనున్న ఆడవాళ్లు అందుకుంటారు. మధ్యలో అత్త ఠక్కున ఆగి, రోజూ మాట్లాడే గొంతుతో, "ఒలే, ఆ పెయ్య ఎండలో ఉంది, నీడకి కట్టండే" అంది. మరుక్షణం అదే శ్రుతిలో, వదిలిన చోటే అందుకుంది. పట్నం నుంచి వచ్చిన బంధువొకాయన నా వెనకాల "నటన" అని గొణిగాడు.

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. అత్త ఏడుస్తున్నదీ నిజం, పెయ్య ఎండలో ఉన్నదీ నిజం. రాగం లేకుండా ఒట్టి అరుపుల దగ్గరే ఉండి ఉంటే పెయ్య కనపడేది కాదు. కాసేపటికి స్పృహ తప్పి పడిపోయేది కూడా. ఆవిడని కూర్చోబెట్టి ఉంచింది ఆ రాగమే. ఇంకోటి గమనించండి. ఆ మూడు చరణాల్లో దుఃఖం అన్న మాట లేదు, గుండె లేదు, కన్నీళ్లు లేవు. సంత ఉంది, పొద్దు ఉంది, కొబ్బరికాయల లెక్క ఉంది. విన్నవాళ్లందరం ఏడ్చాం. అత్తకి అక్షరం ముక్క రాదు. ఆ రాగం ఆవిడ కట్టిందీ కాదు. వాళ్లమ్మ అలాగే ఏడ్చింది, వాళ్లమ్మమ్మ అలాగే ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ చావు జరిగిన ఇళ్లలో పక్కన కూర్చుని విని ఉంది. తనకి అవసరం పడిన రోజున ఆ వరసలో తన మొగుణ్ణి, తన సంతని, తన కాయల్ని పెట్టుకుంది.

(ఆ ఏడుపులోనే ఆడపడుచుకి నాలుగు అంటించిందనీ చెప్పాలి. ఆసుపత్రి ఖర్చులకి ఎవరు చెయ్యి చాపితే ఎవరు మొహం తిప్పుకున్నారో ఊరందరికీ వినపడేలా రాగంలో చెప్పింది. ఎదురు చెప్పడానికి వీల్లేని చోటు అది. మా వాళ్లు అమాయకులని ఎవరూ అనుకోనక్కర్లేదు.)

నా వాదన ఇదే. బాధ దానంతట అది ఏమీ రాయదు. దానికి ఒక వరస, అంటే పట్టుకుని నడవడానికి ఒక బాణీ కావాలి, లేదంటే గడువు కావాలి. వరస చేతిలో ఉన్నవాళ్లు శవం లేవకముందే పాడగలరు. లేనివాళ్లు ఆగాలి. ఈ రెండూ లేకుండా కాగితం మీద గుమ్మరిస్తే అది రాసినవాళ్లకే అంతంతమాత్రంగా ఉపయోగపడుతుంది, చదివేవాళ్లకి అదీ ఉండదు.

రాసినవాళ్లకి ఎంత ఉపయోగమో కొలిచి చూసినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరురాలితో కలిసి 1986లో ఒక ప్రయోగం ప్రచురించాడు. కాలేజీ పిల్లల చేత వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమని బాగా కుదిపేసిన సంగతి రాయించారు. ఇంకొందరి చేత ఏవో మామూలు విషయాలు రాయించారు. కష్టం రాసినవాళ్ల మనసు రాసిన వెంటనే తేలిక పడలేదు, ఇంకా కుంగింది. కానీ తర్వాతి నెలల్లో వాళ్లు కాలేజీ డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. ముఖ్యంగా ఏం జరిగిందో, దానికి ఏమనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్లలో. ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు వందకి పైగా జరిగాయి. 2006లో 146 అధ్యయనాలని కలిపి లెక్క చూస్తే, ఫలితం ఉన్నమాట నిజమే గానీ చిన్నదని తేలింది. పెన్నెబేకరే తర్వాత ఆ రాతలని తిరగేసి ఇంకో సంగతి పట్టుకున్నాడు. రోజురోజుకీ 'ఎందుకంటే', 'ఇప్పుడు అర్థమవుతోంది' లాంటి మాటలు పెరుగుతూ పోయినవాళ్లే ఎక్కువ బాగుపడ్డారట. మొదటి రోజు ఏడుపే నాలుగో రోజూ ఏడ్చినవాళ్లకి పెద్దగా ఒరిగిందేం లేదన్నమాట.

కోపం సంగతి ఇంకా చిత్రం. కసితీరా తిట్టేస్తే మనసు చల్లబడుతుందని మనందరి నమ్మకం. బ్రాడ్ బుష్‌మన్ అనే ఆయన 2002లో దీన్నీ పరీక్షించాడు. ముందు మనుషులకి కోపం తెప్పించి, ఆ తెప్పించినవాణ్ణి తలుచుకుంటూ బాక్సింగ్ సంచీని గుద్దమన్నాడు. అలా గుద్దినవాళ్లకే అందరికంటే ఎక్కువ కోపం మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లు నయం. ఫేస్‌బుక్కులో పొద్దున్నే ఎవరినో దులిపేసి, సాయంత్రానికి ఇంకా మండిపోతూ కనిపించే మన కవి మిత్రులని చూస్తే ఆ ప్రయోగం అక్కర్లేదనుకోండి.

కోపం మాట వచ్చాక విజయనగరంలో ఉంటూ గురజాడని తలుచుకోకుండా ఎలా? అప్పటి మహారాజా ఆనందగజపతిరాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించారు. 1,034 పెళ్లిళ్లు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు 3. ఆ ఏడాది పిల్లల వెల తలకి రూ.350 నుంచి 400. 'కన్యాశుల్కం' 1897 ముద్రణకి రాసిన ముందుమాటలో గురజాడే ఇచ్చిన లెక్కలివి.

ఆ చివరి అంకె దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. పాలు మరవని పిల్లకి ధర కట్టి, కాగితం మీద రాసుకుని, డబ్బు లెక్కపెట్టుకున్న మనుషులు మన ఊళ్లలోనే ఉన్నారు. ఆ జాబితా చేతిలో పడ్డ మనిషి ఏం రాయాలి? శాపనార్థాలు రాయొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. గురజాడ నవ్వించాడు. కూతుర్ని అమ్మే అగ్నిహోత్రావధాన్లు, కొనుక్కునే లుబ్ధావధాన్లు, ఆ ముసలాయనకి ఆడవేషం వేసిన మగపిల్లాణ్ణి కట్టబెట్టే కరటకశాస్త్రి. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వి, ఇంటికెళ్లాక ఎవరి గురించి నవ్వారో తెలుసుకుంటారు. నాటకం మొదటిసారి ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. పదిహేడేళ్లు! ఏ కోపమూ పదిహేడేళ్లు ఒకే వేడిలో ఉండదు. అన్నేళ్లూ చేతిలో ఉన్నది పని. ఆయనకి ముందు అలాంటి నాటకం తెలుగులో లేదు, వాడుక భాషలో అంత పెద్ద నాటకం నడుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. వరస తనే కట్టుకోవాల్సి వచ్చింది కాబట్టి అంత గడువు పట్టింది.

'కష్టాలు పడితేనే రచయిత అవుతాడు' అనేవాళ్లకి మా జిల్లాల నుంచే రెండు ఉదాహరణలు చెబుతాను. కథలు రాసిన చాగంటి సోమయాజులు (చాసో) శ్రీకాకుళంలో పుట్టి, విజయనగరంలో దత్తత వచ్చిన ఇంట కలిగినవారుగానే బతికారు. ఫీజు కట్టలేక బడి మానేసిన కుర్రాణ్ణి చుట్టలు తెమ్మని పంపిస్తే, ఆ దారిలో బడి ఉంటే, ఆ పసివాడి సిగ్గు ఎలా ఉంటుందో ఆయన రాశారు. తనది కాని కష్టం అది. మరీ కళ్లు పెట్టి చూశారు, అంతే. రెండో మనిషి గరిమెళ్ల సత్యనారాయణ, నరసన్నపేట దగ్గరివారు. 'మా కొద్దీ తెల్లదొరతనము' పాటకి జైలుకి వెళ్లారు. చివరి రోజుల్లో మద్రాసులో చెప్పుకోలేని పేదరికంలో ఉండి 1952లో పోయారు. మనం ఇప్పటికీ పాడుకునేది ఆ పేదరికం ఇచ్చిన పాట కాదు, అంతకు ముప్పై ఏళ్ల ముందు ఒళ్లు ఉడుకెత్తి రాసిన పాట. ఆకలి ఆయనకి ఏం ఇచ్చింది? కష్టాన్ని కళకి పెట్టుబడి అనేవాళ్లు ఆ ముప్పై ఏళ్ల గురించి కూడా ఒకసారి మాట్లాడాలి. కవిని ఆకలితో వదిలేసినవాళ్లకి ఆ మాట భలే వీలుగా ఉంటుంది.

గడువు ఎందుకో చెప్పడానికి పలాస జీడి షెడ్లకి మించిన చోటు లేదు. పచ్చి పిక్కని అలాగే కొడితే పెంకులో ఉన్న జీడి నూనె చిమ్మి చెయ్యి పొక్కుతుంది. పప్పుకి అంటితే పప్పూ పాడే. అందుకే ముందు ఉడకబెడతారు, ఆరనిస్తారు, అప్పుడు కొడతారు. అయినా అక్కడ పనిచేసే ఆడవాళ్ల వేళ్లు నల్లగానే ఉంటాయి. ఆగి రాసినవాళ్ల చేతులు కూడా శుభ్రంగా ఉంటాయని నేను అనడం లేదు.

ఇక రాస్తే బాధ దిగిపోతుందన్న రెండో నమ్మకం. మా ఊళ్ల చరిత్ర చూస్తే నాకు అలా అనిపించదు. 1757 జనవరి 24న విజయనగరానికీ బొబ్బిలికీ మధ్య బొబ్బిలి యుద్ధం జరిగింది. బొబ్బిలి కోట కూలిపోయింది. ఆ తర్వాత విజయనగరం రాజు విజయరామరాజూ హతమయ్యాడు. అంటే ఓడినవాళ్లకీ ఏడుపే, గెలిచినవాళ్లకీ ఏడుపే. బొబ్బిలివాళ్ల దుఃఖం కథయ్యి ఊరూరా తిరిగింది. విజయనగరంలో ఆ దుఃఖం జాతర అయ్యింది. అన్న విజయరామరాజు చావు తట్టుకోలేక ప్రాణం విడిచిన చెల్లెలే పైడితల్లి అమ్మవారు అని ఇక్కడి ఐతిహ్యం. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి కూర్చుని కోట దాకా ఊరేగుతుంటే లక్షలమంది అరటిపళ్లు విసురుతారు. అది ఎవరి చావో, ఎవరి ఏడుపో తలుచుకునేవాళ్లు ఆ జనంలో ఎంతమంది? కానీ రెండున్నర శతాబ్దాలు దాటినా పోలేదు. కథగానీ జాతరగానీ బాధని తీసేయలేదు, అందరూ తలా కాస్త మోయగలిగేలా చేశాయి. ఒక్కోసారి పగని కూడా అలాగే బతికిస్తాయి. బొబ్బిలి కథ చెప్పేటప్పుడు రెండు ఊళ్లవాళ్లూ ఒకే చోట ఉంటే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

మా చిన్నాన్న రాసిన ఒక పుస్తకం గురించి చెప్పాలి. పుస్తకమంటే సంతలో కొన్న పొడుగు లెక్కల పుస్తకం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకి కరుచుకుపోయాయి. కొబ్బరి మొక్క పాతితే కాపుకి రావడానికే ఏళ్లు పడుతుంది, నిలబడితే రెండు తరాలు చూస్తుంది. ఇల్లు కూలితే మళ్లీ కట్టుకోవచ్చు, యాభై ఏళ్ల వయసున్న వాడికి కూలిన కొబ్బరితోట మళ్లీ రాదు. పరిహారానికి చెట్లు లెక్క రాసుకోవడానికి మనుషులొస్తారని తెలిసి, చిన్నాన్న ముందే ఒక్కో చెట్టూ రాసి పెట్టుకున్నాడు. వాళ్లకి కావాల్సింది ఒక్క అంకె. ఆయన రాసింది ఇలా ఉంది:

"నూతిగట్టు మీద రెండోది. పెద్దపాప పుట్టిన ఏడు పాతినది. కాయ చిన్నది, నీరు తియ్యన. మొదలుకంటా విరిగింది."

"గట్టు పక్కది. నాన్న పాతినది. పిడుగు పడినా బతికింది. వేళ్లతో లేచిపోయింది."

పేజీల నిండా ఇంతే. ఎక్కడా అయ్యో అన్న మాట లేదు. జీవితంలో పద్దులు తప్ప ఏమీ రాయని మనిషి, పద్దు రాసే పద్ధతిలోనే రాశాడు. చెట్టు ఎక్కడుంది, ఎప్పటిది, కాపెలాంటిది, ఎలా పోయింది. నాలుగే గళ్లు. ఆ నాలుగు గళ్లే ఆయనకి వరస. చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇది అచ్చు వేద్దాం చిన్నాన్నా అని అడిగితే, "ఇది లెక్కల పుస్తకమమ్మా, ఇందులో కథేటుంది? నా సెట్లు నా సెట్లే, ఊరందరికీ ఎందుకు?" అన్నాడు. ఇప్పుడు ఈ రెండు పద్దులూ కూడా ఆయన్ని అడిగే ఎత్తి రాశాను. మిగతావి ఇవ్వనన్నాడు. ప్రతి బాధా బయటికి రావాల్సిందే అని ఒత్తిడి పెట్టేవాళ్లకి ఆయన జవాబు వినిపించాలని ఉంటుంది నాకు.

పోయిన ఏడు ఉద్దానంలోని కవిటి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కవిత తెచ్చింది. ఉద్దానం ఏడుస్తోంది అని మొదలవుతుంది. వాళ్ల నాన్న కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నారు. కవిత పక్కన పెట్టి, ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పమన్నాను. నీళ్ల గురించి చెప్పింది. రోజుకి ఇంతే తాగాలని డాక్టరు చెప్పారు కాబట్టి వాళ్లమ్మ పొద్దున్నే సీసాలో కొలిచి పోస్తుందట, సీసా మీద స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టిందట. "మే నెలలో నాన్న పక్కింటికెళ్లి దొంగతనంగా మజ్జిగ తాగొచ్చేస్తారు మేడమ్. అమ్మకి దొరికిపోతారు. మీసానికి అంటుకుని ఉంటుంది కదా" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అది రాయమ్మా అన్నాను. కాస్త ఆగి, నిమ్మళంగా, మళ్లీ మళ్లీ రాయమన్నాను. జీడిపిక్కల సంగతి కూడా చెప్పాను.

ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "నాకు ఏడుపు కాదు మేడమ్, కోపం. మా ఊళ్లో ఇంటికొకరు ఇలా అయిపోతుంటే, ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్లయినా గట్టిగా తేల్చలేదు. చల్లారాక రాయమంటున్నారు. చల్లారిపోతే ఇంకెందుకు రాయడం?"

మంచి ప్రశ్న. గడువు గురించి పాఠాలు చెప్పేవాళ్లందరూ తప్పించుకునే ప్రశ్న ఇదే. పిక్క చల్లారితేనే కొట్టాలి, సరే. ఇల్లు కాలుతున్నప్పుడు? ఆ అమ్మాయికి నేను సుబ్బారావు పాణిగ్రాహి గురించి చెప్పాను. శ్రీకాకుళ సాయుధ పోరాటం నడుస్తుండగానే, ఆ వేడిలోనే, ఉద్దానంలో జముకుల కథ (జముకు అనే వాద్యం మీటుతూ పాటగా చెప్పే కథ) చెప్పిన మనిషి. 1969 డిసెంబరులో పోలీసు తూటాలకి పోయారు. ఆయన రాజకీయం మీద ఎవరికి ఏ అభిప్రాయం ఉన్నా ఉండొచ్చు, కథ జనానికి అందిందన్న దాంట్లో మాత్రం వివాదం లేదు. ఆయనకి ఆగే తీరిక లేదు. ఆగాల్సిన అవసరమూ రాలేదు. జముకు చేతిలో ఉంది. అడుగున తోలు బిగించి, ఆ తోలుకి కట్టిన తీగని మీటుతూ ఉంటే, కథకుడు ఒక చరణం చెబుతాడు, వంతలు, అంటే వెనక పాడేవాళ్లు, అందుకుంటారు, ఆ అందుకునే కాసేపట్లో కథకుడు ఊపిరి పీల్చుకుని తర్వాతి మాట చూసుకుంటాడు. మా అత్త 'బావో' దగ్గర చేసిందీ అదే కదా. ఎన్ని తరాల నోళ్లలోనో నలిగి నునుపెక్కిన వరస అది. ఆయన కోపం ఎంత పచ్చిదైనా ఆ వరస కాచుకుంది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాటలూ అంతే. 2020 ఆగస్టులో ఆయన పోయినా ఆ పాటలు పొలాల గట్ల మీద ఇంకా వినిపిస్తున్నాయంటే, కొత్త కోపాన్ని పాత బాణీలో పోశారు కాబట్టే.

అందుకే ఆ అమ్మాయితో కోపం తగ్గించుకోమని అనలేదు. "నీకు ఆగే ఓపిక లేకపోతే ఒక వరస వెతుక్కో. మీ ఊళ్లోనే ఉంటుంది. ఉత్త కాగితంతో మాత్రం కుదరదు" అన్నాను. మజ్జిగ దొంగతనం జముకుల కథలో ఎంత బాగా కుదురుతుందో ఇద్దరం కాసేపు ఊహించుకున్నాం. మీసం దగ్గర వంతలు ఎలా అందుకుంటారో చేసి చూపించింది కూడా. తర్వాత ఆలోచించి, "నేర్పేవాళ్లు ఎవరున్నారు మేడమ్?" అని అడిగింది. నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, డెబ్బై దాటినా గొంతు కంగుమంటుంది. నంబరు ఇచ్చాను.

"ఆడపిల్లకి నేర్పుతారా?"

అడిగి చూడమన్నాను.

"ఫీజెంత తీసుకుంటారు?"